బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద కేసు కొట్టేస్తే నిర్దోషి కానట్టేనా?

నమస్కారం అండీ. 2019లో పొలం గట్టు గొడవలో మా తమ్ముడి మీద ఐపీసీ 324 (ప్రమాదకర ఆయుధంతో గాయపరచడం) కేసు పెట్టారు. మూడేళ్లు వాయిదాలకు తిరిగాం. చివరికి ఇద్దరు సాక్షులు అసలేం చూడలేదన్నారు. మూడో ఆయన కొడవలి అన్నాడు, డాక్టరుగారేమో గాయం మొద్దు వస్తువుతో తగిలిందన్నారు. సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) 248(1) కింద నిర్దోషి అని కేసు కొట్టేశారు. ఆ రోజు ఇంట్లో పాయసం వండుకున్నాం.

ఇప్పుడు వాడు కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయ్యాడు. అటెస్టేషన్ ఫారంలో (ఉద్యోగంలో చేరేముందు మన వివరాలు రాసిచ్చే పత్రం) కేసు సంగతి దాచకుండా రాశాడు. అయినా షోకాజ్ నోటీసు వచ్చింది, గౌరవప్రదంగా విడుదల కాలేదట. తీర్పు చివరి పేజీలో ‘సంశయ లాభం’ (బెనిఫిట్ ఆఫ్ డౌట్, అంటే అనుమానం ఉంటే నిందితుడికే అనుకూలం) అన్న ఒక్క ముక్క కింద ఎర్ర ఇంకుతో గీత గీసి మరీ జత చేశారు.

రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్ కదా. వాళ్లు చేయలేకపోతే మచ్చ మావాడికా? గౌరవప్రదమైన విడుదల అనే మాటే సీఆర్‌పీసీలో లేదని 2012లో సముత్తిరం కేసులో సుప్రీంకోర్టే అంది. కానీ ఆ కేసులో గెలిచింది పోలీసు డిపార్ట్‌మెంటే. నిజం చెప్పినా పూర్వాపరాలు చూసే హక్కు ఉద్యోగమిచ్చేవాళ్లకుందని 2016 అవతార్ సింగ్ తీర్పులోనూ ఉంది. అందుకే టెన్షన్.

ఆ ఒక్క మాట తీసేయమని పైకోర్టుకు వెళ్లొచ్చా? జవాబుతో సాక్షుల వాంగ్మూలాల కాపీలు జత చేస్తే పనికొస్తుందా? పది రోజులే గడువుంది. ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు, లాయర్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.