రిజిస్టర్_నెట్‌డెవ్ ముగిసీ ముగియకముందే ఓపెన్ వచ్చి క్రాష్ అవుతోంది

ప్రశ్న
నమస్కారం. వర్ట్‌ఐవో (వర్చువల్ మెషీన్లలోని పరికరాలకు ఒక ప్రమాణం) ఆధారంగా లినక్స్‌కు ఒక చిన్న వర్చువల్ నెట్‌వర్క్ డ్రైవర్ రాస్తున్నాను. ఇరవై సార్లు బూట్ చేస్తే ఒకటి రెండు సార్లు, ఓపెన్ ఫంక్షన్‌లో (ఇంటర్‌ఫేస్‌ను వాడుకలోకి తెచ్చేటప్పుడు కెర్నల్ పిలిచేది) నాపీని, అంటే ప్యాకెట్లను గుంపులుగా అందుకునే పద్ధతిని, ప్రారంభించే నాపీ_ఎనేబుల్ దగ్గర బగ్_ఆన్ (ఉండకూడని స్థితి కనబడితే కెర్నల్‌ను ఆపే తనిఖీ) తగిలి కెర్నల్ ఆగిపోతోంది. ఓపెన్ మొదట్లో ఒక ప్రింట్‌కే (కెర్నల్ లాగ్‌లో సందేశం రాసేది) పెడితే తప్పు మాయమవుతోంది. పరికరం దొరకగానే నడిచే ప్రోబ్‌లో మొదట ఇంటర్‌ఫేస్‌ను కెర్నల్‌కు నమోదు చేసే రిజిస్టర్_నెట్‌డెవ్, ఆ తరువాత నాపీని అమర్చే నెట్‌ఇఫ్_నాపీ_యాడ్, చివర వర్క్‌క్యూ పనులు (వెనక నడిపేందుకు వాయిదా వేసే పనుల అమరిక) ఉన్నాయి. ఎక్కడ వెతకాలి?

జవాబు 1
వెతకనక్కరలేదండీ, మీరు రాసిన వరుసలోనే ఉంది. రిజిస్టర్_నెట్‌డెవ్ పిలవడమంటే విస్తళ్లు వేసి బంతికి రమ్మనడం; వంట అప్పటికే అయి ఉండాలి. ఆ ఫంక్షన్ తాను పట్టుకున్న ఆర్‌టీఎన్‌ఎల్ తాళం (నెట్‌వర్క్ అమరికల మార్పులను ఒక్కొక్కటిగా జరగనిచ్చేది) వదిలిన మరుక్షణం నెట్‌వర్క్ మేనేజర్ వంటి ప్రోగ్రాం మరో సీపీయూ మీద నుంచి ఇంటర్‌ఫేస్‌ను పైకి లేపగలదు. నాపీ_యాడ్ ఇంకా జరగలేదు కనుక నాపీ నిర్మాణమంతా సున్నాలే. నాపీ_యాడ్ పెట్టవలసిన షెడ్యూల్ బిట్ అందులో లేకపోవడం వల్లనే బగ్_ఆన్ తగులుతోంది. మీ ప్రింట్ చేసిందల్లా ఓపెన్‌ను కాస్త ఆలస్యం చేయడమే. రిజిస్టర్ తరువాతి వరుసలో ఎమ్‌స్లీప్(5000) (అన్ని మిల్లీసెకన్లు ఆగే పిలుపు) పెట్టి, ఆ ఐదు సెకన్లలో వేరే టెర్మినల్ నుంచి ఇంటర్‌ఫేస్‌ను లేపి చూడండి.

జవాబు 2
దానితో పాటు మరొక చిక్కు కూడా ఉంది. డ్రైవర్ సిద్ధమని పరికరానికి చెప్పే డ్రైవర్_ఓకే స్థితి రాయకముందు పరికరానికి నోటిఫికేషన్ పంపకూడదని వర్ట్‌ఐవో ప్రమాణం చెబుతుంది; మీ ఓపెన్ రిసీవ్ బఫర్లు నింపి కిక్ చేస్తే (అంటే ఆ నోటిఫికేషన్ పంపితే) ఆ నియమం తప్పుతుంది. కెర్నల్‌లోని వర్ట్‌ఐవో నెట్ డ్రైవర్‌లోనే ఈ పోటీ (రెండు పనుల్లో ఏది ముందు జరుగుతుందో తెలియని తప్పు) చాలాకాలం ఉండి, 2022లో సరిదిద్దబడింది. ఆర్‌టీఎన్‌ఎల్ తాళం వేసి, రిజిస్టర్_నెట్‌డివైస్ పిలిచి, డ్రైవర్_ఓకే రాసే వర్ట్‌ఐవో_డివైస్_రెడీ అయ్యాకే తాళం తీస్తారు. పేరు జాగ్రత్తగా చూసుకోండి: రిజిస్టర్_నెట్‌డెవ్ ఆ తాళాన్ని తానే వేసుకుంటుంది కాబట్టి ఇక్కడ దాన్ని పిలిస్తే అక్కడే ఇరుక్కుపోతారు. నేను ఒక పూట పోగొట్టుకున్నది దానివల్లనే.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ ధన్యవాదాలు. ఎమ్‌స్లీప్ పెట్టగానే ప్రతిసారీ క్రాష్ అయింది. నాపీ, వర్క్‌క్యూ పనులు ముందుకు జరిపి, రెండో జవాబులోని తాళం పద్ధతి పాటించాక రెండు వందల బూట్లలో ఒక్కసారీ రాలేదు. తీరా చూస్తే డ్రైవర్‌ను తీసేసేటప్పుడు నడిచే రిమూవ్‌లోనూ ఇదే పొరపాటు, తలకిందులుగా ఉంది: అన్‌రిజిస్టర్ కాకముందే నాపీని తొలగిస్తున్నాను. దాన్నీ మార్చాను.