ఎఫ్‌టీపీలో దించిన జిప్ ఫైలు తెరుచుకోవట్లేదు, సైజు కూడా పెరిగింది

ప్రశ్న: పాత సాఫ్ట్‌వేర్ ఉన్న ఒక అనానిమస్ (ఖాతా లేకుండా ఎవరైనా వెళ్లగలిగే) ఎఫ్‌టీపీ సర్వర్‌కి, అంటే ఫైళ్లు దించుకునే సర్వర్‌కి, విండోస్ కమాండ్ ప్రాంప్ట్ నుంచి వెళ్తున్నాను. బ్రౌజర్‌లో ఆ అడ్రసు రావట్లేదు. జిప్ ఫైలు ఏ ఎర్రరూ లేకుండా దిగుతోంది, విప్పబోతే పాడైందంటోంది. సర్వర్‌లో చూపించే సైజు కంటే నా దగ్గర కొంచెం ఎక్కువుంది. ఎందుకు?

జవాబు: సైజు పెరిగిందంటే అది ఆస్కీ మోడ్ (ఫైలుని టెక్స్ట్‌గా భావించి పంపే పద్ధతి) పనే. విండోస్ ఎఫ్‌టీపీ మొదలయ్యేదే ఆ మోడ్‌లో. సర్వర్లలో వాడే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం టెక్స్ట్‌లో లైన్ చివర 10 అనే ఒక్క బైటే ఉంటుంది, విండోస్‌కి 13, 10 రెండూ కావాలి. అందుకని 10 కనిపించిన ప్రతిచోటా ముందు 13 చేరుతుంది. టెక్స్ట్‌కి మంచిదే, జిప్‌కి మాత్రం విషం. జిప్‌లో సగటున 256 బైట్లకి ఒకటి 10 ఉంటుంది కాబట్టి 1 ఎంబీకి సుమారు 4 కేబీ పెరగాలి. మీ ఫైలు లెక్క చూసుకోండి.

దాన్ని బాగుచేసే ప్రయత్నం వద్దు, మళ్లీ దించండి. యూజర్ పేరు అనానిమస్, పాస్‌వర్డ్‌గా ఈమెయిల్ అడ్రసు. లాగిన్ కాగానే ముందు ‘బైనరీ’ (ఏ బైటూ మార్చకుండా పంపే మోడ్) కొట్టండి, 200 నంబరుతో జవాబు రావాలి. తర్వాత ‘హ్యాష్’ కొడితే ఫైలు దిగుతున్నంతసేపూ # గుర్తులు పడతాయి, ఆగిపోతే వెంటనే తెలుస్తుంది. అప్పుడు ‘గెట్’, పక్కన ఫైలు పేరు. యూనిక్స్ సర్వర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరు, పేరు ఉన్నదున్నట్టే కొట్టాలి. చివర్లో బైట్ల లెక్క సరిపోల్చడం మరవొద్దు.

ప్రశ్న అడిగినవారు: బైనరీతో సరిగ్గా దిగింది, ధన్యవాదాలు. ఇంకో సర్వర్‌లో లాగిన్ అవుతోంది గానీ ఫైళ్ల జాబితా కోసం ‘డిర్’ కొట్టగానే కదలట్లేదు.

మరొకరి జవాబు: కమాండ్లు పోర్ట్ 21 మీద వెళ్తాయి. ఫైళ్లకీ, జాబితాకీ వేరే కనెక్షన్. యాక్టివ్ మోడ్‌లో ఆ రెండోదాన్ని సర్వరే మీ వైపు తెరవబోతుంది, మీ రౌటరో ఫైర్‌వాలో అడ్డుకుంటుంది. పాసివ్ మోడ్ అయితే రెండూ మీ వైపు నుంచే మొదలవుతాయి. విండోస్‌తో వచ్చే ఎఫ్‌టీపీలో పాసివ్ లేదు. సర్వర్‌ని పాసివ్‌లోకి మార్చే ‘కోట్ పాస్వ్’ కొట్టమని చాలామంది చెబుతారు, దానివల్ల లాభం లేదండీ, సర్వర్ మారినా మీ ప్రోగ్రాం మారదు. పాసివ్ ఉన్న ఫైల్‌జిల్లా గానీ కర్ల్ గానీ, ఆ ప్రోగ్రాములు వాడండి.

ప్రశ్న అడిగినవారు: ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో తెలియకపోతే?

మొదటి జవాబు ఇచ్చినవారు: ఒకప్పుడు దీనికి ఆర్చీ అనే వెతికే సాధనం ఉండేది, 1990లో మాంట్రియల్ మెగిల్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. అది వెతికేది ఫైళ్ల పేర్లనే, లోపలి విషయాన్ని కాదు. ఇప్పుడైతే సర్వర్ మొదటి ఫోల్డర్‌లోనో ‘పబ్’లోనో ‘ఎల్ఎస్-ఎల్ఆర్’ అనే ఫైలుందేమో చూడండి. మొత్తం సర్వర్ జాబితా అందులో ఉంటుంది. చివర పెద్ద జెడ్ గానీ జీజెడ్ గానీ ఉంటే కుదించినదని అర్థం, బైనరీలోనే దించి సెవెన్-జిప్‌తో విప్పండి. డాస్ (విండోస్‌కి ముందటి ఆపరేటింగ్ సిస్టం) కాలం ఫైళ్లకి పేరు 8 అక్షరాలకి మించదు, అందుకని పూర్తి పేరుతో కాకుండా మొదటి మూడు నాలుగు అక్షరాలతో వెతకండి.