చర్చ: ఎండ ముదిరితే డ్రైవ్ ట్రిప్ అయితున్నది

దేవరకొండ_బోరు: 7.5 హెచ్‌పీ సోలార్ పంపు డ్రైవ్ (ప్యానెళ్ల కరెంటును మోటర్‌కు తగ్గట్టు మార్చే పెట్టె). ఒంటిగంట దాటితే ఓవర్ హీట్ చూపి ఆగుతున్నది. రేకు డబ్బా, పడమటి ఎండ. క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్ లోపలి స్విచ్‌లు సెకనుకు ఎన్నిసార్లు ఆన్-ఆఫ్ అయితయో అది) 8 కిలోహెర్ట్జ్. ఇంకో ఫ్యాన్ పెట్టాల్నా, పెద్ద డ్రైవ్ కొనాల్నా?

పాలమూరు_సోలార్: ముందుగాల డబ్బాను ప్యానెళ్ల కింద నీడకు జరుపుండ్రి. బయట 44 ఉంటే ఎండల రేకు డబ్బా లోపల 60 దాటొచ్చు. చానా డ్రైవులకు ఫుల్ లోడ్ 40 డిగ్రీల దాకనే, ఆపైన కరెంట్ తగ్గించుకోవాలె. మూసిన డబ్బాల ఫ్యాన్ పెడితే అదే వేడిగాలి తిరుగుతది. కింద జాలి, పైన బయటికి తోసే ఫ్యాన్ ఉండాలె.

మిర్యాలగూడ_ప్యానెల్: 8ని 4కు దించు అన్నా. స్విచింగ్ నష్టం, అంటే ఆ ఆన్-ఆఫ్‌ల పుట్టే వేడి, సగమైతది. మోటర్ కొంచెం కూత పెడ్తది, గంతే.

షాద్‌నగర్_రిపేర్: గంతేనా? సైన్ ఫిల్టర్ (డ్రైవ్ ఇచ్చే కరెంటును నున్నగ చేసి మోటర్‌కు పంపేది) ఉన్నదా అని అడగకుండనే దించమంటవా? ఫిల్టర్ మీద రాసిన కనీస ఫ్రీక్వెన్సీ కంటే కిందికి పోతే దాని చోక్, కెపాసిటర్లు కాలుతయ్. డ్రైవ్ బోర్డులు ఇప్పేటోన్ని, ఊకె చెప్తలేను.

మిర్యాలగూడ_ప్యానెల్: బోర్డులు మేం కూడ ఇప్పుతం. ఫిల్టర్ లేని పొడుగు కేబుల్ మీద 8 పెడితే కేబుల్ చార్జింగ్ కరెంట్ (కేబుల్ తానే గుంజేది) కూడ డ్రైవే మోయాలె. అది చెప్పవేంది?

షాద్‌నగర్_రిపేర్: ఆ మాట నిజమే. కానీ ఫిల్టర్ సంగతి అడిగినంకనే సెట్టింగ్ చెప్పాలె.

తాండూరు_వెల్డర్: సిలికాన్ కార్బైడ్ చిప్‌ల డ్రైవ్ తీసుకుంటే వేడి బాధే ఉండదు కదా?

షాద్‌నగర్_రిపేర్: చిప్ 175 డిగ్రీలు ఓర్చుకుంటది, పక్కన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఓర్చుకోదు. 105 డిగ్రీల దగ్గర 5000 గంటల సరుకు 75 దగ్గర సుమారు 40,000 గంటలొస్తది. ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు. 85 డిగ్రీల, 2000 గంటల చౌక సరుకేస్తే అదే 75 దగ్గర 4000 గంటలే. కెపాసిటర్ మార్చేటప్పుడు మైక్రోఫారడ్, వోల్టేజే కాదు, రిపుల్ కరెంట్ (అది తట్టుకునే హెచ్చుతగ్గుల కరెంట్) కూడ చూడుండ్రి.

నల్గొండ_జిన్నింగ్: మా దిక్కు పత్తి నూగే అసలు శత్రువు. హీట్‌సింక్ రెక్కల నడుమ దుప్పటి లెక్క పేరుకుంటది. డీసీ స్విచ్ ఆపి, 10 నిమిషాలాగి, బస్ వోల్టేజ్ (డ్రైవ్ లోపల మిగిలే డీసీ) దిగిందా అని మీటర్‌తోని చూసినంకనే మూత తీయాలె. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క పట్టుకోండ్రి, లేకుంటే అతివేగంగ తిరిగి బేరింగ్ పోతది.

దేవరకొండ_బోరు: ఫిల్టర్ లేదు. ఫ్యాన్ కూడ గరగర అంటున్నది. మూడు వైర్లది, బజార్ల రెండు వైర్లదే దొరుకుతున్నది.

నల్గొండ_జిన్నింగ్: వద్దు. మూడో వైరు ఫ్యాన్ తిరుగుతుందా లేదా అని డ్రైవ్‌కు చెప్పేది. అది లేకుంటే ఫ్యాన్ ఫాల్ట్ అని మళ్ల ఆగుతది. వోల్టేజ్, కరెంట్, మందం చూసి మూడు వైర్లదే తెప్పియ్యి.