బద్ర్‌లో గెలిపించింది దైవదూతలా, బావులా?

ఇసుకదారి: క్రీ.శ. 624లో అరేబియాలోని బద్ర్ దగ్గర 313 మంది ముస్లింలు మక్కాకు చెందిన ఖురైషు తెగవాళ్లను, దాదాపు వెయ్యి మందిని, ఓడించారు. అందరూ దైవదూతల గురించే చెబుతారు, బావుల సంగతి ఎవరూ ఎత్తరు. "ఇక్కడ ఆగడం అల్లాహ్ ఆజ్ఞా, మీ వ్యూహమా?" అని అనుచరుడు హుబాబ్ (ర) ప్రవక్త ముహమ్మద్ (స)ను అడిగారు. వ్యూహమే అన్నారాయన. అయితే శత్రువుకు దగ్గరి బావి పట్టుకుని మిగతావి పూడ్చేద్దామన్నారు హుబాబ్. నీళ్లు లేకే ఖురైషులు ఓడారు.

సబర్: ఒక్క పూటలో ముగిసిన యుద్ధంలో దాహంతో ఓడారా భాయ్? ముస్లింల దగ్గర ఉన్నవి రెండే గుర్రాలు. 70 ఒంటెల మీద వంతులవారీగా వచ్చారు. ఖురాన్‌లోని అన్‌ఫాల్ సూరా (అధ్యాయం)లో వెయ్యి మంది దూతలని స్పష్టంగా ఉంది.

లెక్కలమాస్టారు: ఆలి ఇమ్రాన్ సూరాలో మూడు వేలు, అయిదు వేలు అని ఉందే!

సబర్: అయిదు వేలకు షరతుంది మాస్టారూ. ఓర్పు, దైవభీతి ఉంటేనే.

లెక్కలమాస్టారు: అంకె అడిగితే షరతు చెబుతారేంటి?

ఇసుకదారి: నా బావి ప్రశ్న అలాగే ఉంది.

సబర్: హుబాబ్‌కు ఆ ఆలోచన పుట్టించింది ఎవరు? యుద్ధానికి ముందు వాన కురిపించింది ఎవరు?

రేగుపండు: పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

ఇసుకదారి: అన్నిటికీ ఇదే జవాబు. మా నాన్న దుకాణం మునిగినప్పుడు మా మేనమామ కూడా ఇలాగే మాట్లాడాడు. "మీ ఈమాన్‌లోనే (విశ్వాసంలోనే) లోపం" అన్నాడు. తీసుకున్న అప్పు మాత్రం తిరిగివ్వలేదు.

సబర్: మామ మీద కోపం బద్ర్ మీద చూపిస్తున్నావా? సిగ్గుండాలి.

ఇసుకదారి: సిగ్గెందుకు? గెలిస్తే ఈమాన్, ఓడితే ఈమాన్ తక్కువ. మరుసటి ఏడు ఉహుద్ యుద్ధంలో దాదాపు 70 మంది ముస్లింలు అమరులయ్యారు, ప్రవక్త (స) బాబాయి హమ్జా (ర) కూడా. ఆయన ఈమాన్ తక్కువైందా?

సబర్: అస్తగ్‌ఫిరుల్లాహ్! ఎవరన్నారు? కదలొద్దని కొండ మీద నిలబెట్టిన 50 మంది విలుకాళ్లలో ఎక్కువమంది యుద్ధధనం కోసం దిగిపోయారు. తప్పు వాళ్లది.

ఇసుకదారి: వాళ్ల నాయకుడు అబ్దుల్లా ఇబ్న్ జుబైర్ (ర) దిగలేదు. అక్కడే ప్రాణం వదిలారు. మాట నిలబెట్టుకున్నవాడికీ దెబ్బ తగిలింది. మా నాన్న విషయంలో నేనడిగేది అదే.

సబర్: అది ముందే అడగొచ్చుగా. గెలుపోటముల రోజులను మనుషుల మధ్య మార్చుతూ ఉంటామని ఉహుద్ గురించిన ఖురాన్ ఆయతుల్లోనే (వాక్యాల్లోనే) ఉంది. మీ నాన్నగారి ఈమాన్ కొలిచే హక్కు మీ మామకు లేదు. అంతమాత్రాన బద్ర్ గెలుపు బావి ఖాతాలో వేయను.

ఇసుకదారి: నేను వేస్తాను.