హన్మకొండలో పాత ఇల్లు కొంటున్నం, బ్రోకర్ కావాల్నా?

పోచమ్మమైదాన్_150:
భీమారం దిక్కు 150 గజాల్లో జీ ప్లస్ వన్ ఇల్లు చూసినం. ఓనర్ 72 లక్షలు చెప్తున్నడట. చూపించిన బ్రోకర్ 2 శాతం, అంటే 1.44 లక్షలు అడుగుతున్నడు. అందులో సగం బయానా రోజే కావాలంటున్నడు. "కాగితాలన్నీ క్లియర్, నేను చూసుకుంట" అని మాట. లోన్ 50 లక్షల దాకా పెట్టాలి. ఇంత ఇచ్చి బ్రోకర్‌ను పెట్టుకోవాల్నా, మనమే చేసుకోవచ్చా?

లింక్_డాక్యుమెంట్:
ఇల్లు చూపించినందుకు, బేరం కుదిర్చినందుకు పైసలు ఇవ్వండి. కాగితాలు చూసినందుకు మాత్రం ఇయ్యకండి. బేరం అయితేనే ఆయనకు కమీషన్. ఈసీలో, అంటే ఆ ఇంటి మీద రిజిస్టర్ అయిన అమ్మకాలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్‌లో, తేడా కనపడితే మీకు చెప్పి బేరం చెడగొట్టుకుంటడా?

ఈసీ మీరే తీయొచ్చు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో 1983 నుంచి ఉంటది, అంతకు ముందుదైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోవాలి. చాలామంది ఓనర్ ఇచ్చిన డాక్యుమెంట్ నంబర్ కొట్టి, వచ్చిన పేజీ ప్రింట్ తీసుకొని సరిపెడతరు. దెబ్బ తినేది అక్కడనే. ఖాళీ జాగా ఉన్నప్పుడు సర్వే నంబరు, ప్లాట్ నంబరు మీద జరిగిన లావాదేవీ, ఇప్పటి ఇంటి నంబరుతో వెతికితే దొరకకపోవచ్చు. అందుకని డాక్యుమెంట్ నంబరు, పాత ఇంటి నంబరు, కొత్త ఇంటి నంబరు, సర్వే నంబరు, అన్నిటితోని విడివిడిగా వెతకండి. ఆ ఏరియా మధ్యలో ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసు కిందికి మారి ఉంటే రెండు చోట్లా చూడాలి. 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల లిస్టు) కూడా అదే సైట్లో ఉంది.

ఈసీ శుభ్రంగా వచ్చిందని నిమ్మళంగ ఉండొద్దు. కోర్టు కేసు, రిజిస్టర్ చేయని అగ్రిమెంట్, వీలునామా అందులో కనపడయి. ఒరిజినల్స్ బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు కూడా ఒక్కోసారి ఎక్కదు. జిరాక్స్ చూపించి "ఒరిజినల్ ఊర్ల ఉంది" అంటే అక్కడే ఆగండి. సెర్సాయ్ (బ్యాంకులు తాకట్టులు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ) సైట్లో చిన్న ఫీజు కట్టి, ఇంటి మీద తాకట్టు ఉందేమో వెతకండి.

ఓనర్‌కు తండ్రి పోయినంక వచ్చిన ఇల్లయితే తల్లి, అక్కచెల్లెళ్లు కూడా వాటాదారులే, అందరి సంతకాలూ కావాలి. "పెండ్లప్పుడే ఇచ్చేసినం" అన్న మాట చెల్లదు. మధ్యలో జీపీఏ (ఓనర్ తరఫున వ్యవహారం చేయమని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం) మీదనే చేతులు మారితే ఇంకా జాగ్రత్త. జీపీఏతోని యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

ఇదంతా చూడటానికి సివిల్ వకీలును పెట్టుకోండి. ఫీజు ముందే మాట్లాడుకోండి, శాతం లెక్కన వద్దు. బ్యాంకు వకీలు చూసేది బ్యాంకు అప్పు భద్రత కోసం. ఆ లీగల్ ఒపీనియన్ కాపీ అడిగి తీసుకోండి, అయినా మీ వకీలు వేరే ఉండాలి.

గజం_టేపు:
పైన అన్న కాగితాల గురించి చెప్పిండు, నేను జాగా గురించి చెప్త. టేపు పట్టుకొని పోయి నాలుగు దిక్కులా కొలవండి. 30 అడుగులకు 45 అంటే 1350 చదరపు అడుగులు, 9తో భాగిస్తే 150 గజాలు. రోడ్డు వెడల్పులో ముందు 3 అడుగులు పోయిందనుకోండి, 30 ఇంటూ 42 అంటే 140 గజాలే. కాగితంలో 150 అనే ఉంటది, రేటూ 150కే కడతరు.

పర్మిషన్ ప్లాన్ అడగండి. జీ ప్లస్ వన్‌కు పర్మిషన్ తీసుకొని పైన ఇంకో రెండు గదులు వేస్తే, బ్యాంకు వాల్యుయర్ దాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. అప్పుడు లోన్ తగ్గుతది.

2023 జులై వానలకు ఇక్కడ ఎన్ని కాలనీలు మునిగినయో తెలుసు కదా. గోడలకు కొత్త రంగు ఉంటే నమ్మకండి. కింది స్విచ్ బోర్డు మూత విప్పి లోపల బురద జాడ, తుప్పు చూడండి. దర్వాజ చౌకట్ల అడుగున కట్టె ఉబ్బిందా చూడండి. పక్కింటోళ్ల గోడ మీద గీత మిగిలే ఉంటది. పక్కన చెరువుంటే, 10 హెక్టార్లు, ఆపైన ఉన్నదానికి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగ నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడం ఉండొద్దని వదిలే జాగా. వెడల్పు 10 మీటర్లు దాటిన నాలాకు 9, అంతలోపు దానికి 2.

మధ్యవర్తి_మాట:
ఈ పని చేసేటోణ్ణే, అందుకే సూటిగ చెప్త. బ్రోకర్ వల్ల లాభం ఉంటది. ఆ గల్లీలో మొన్న ఏ రేటుకు తెగింది, ఓనర్‌కు పైసలు ఎంత తొందర, అలిగిన చెల్లెను సంతకానికి ఎట్ల తేవాలి, ఇవి బయటోళ్లకు తెల్వయి. అయితే 2 శాతం అన్నది రాసిపెట్టిన రేటేం కాదు, 1 శాతం అడగండి. అది కూడా మొత్తం రిజిస్ట్రేషన్ రోజే ఇస్తమని కాగితం మీద రాయించండి.

ఓనర్‌తో ఎదురుగ కూసోకుండా రేటు ఖాయం చేయకండి. ఓనర్ బ్రోకర్‌తో "నాకు 68 చాలు, పైన వచ్చింది నీది" అనే ఒప్పందాలు ఉంటయి. అప్పుడు మీరిచ్చే కమీషన్ రెండోసారి ఇచ్చినట్టే.

పాత ఇంటికి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ అవసరం లేదు. 500 చదరపు మీటర్లు, ఎనిమిది ఫ్లాట్లు దాటిన కొత్త అపార్ట్‌మెంట్లయితే ప్రాజెక్టుకూ ఏజెంటుకూ రెరా నంబర్ ఉండాలి.

పోచమ్మమైదాన్_150:
చాలా థ్యాంక్స్ అన్నలూ. ఇంకో మాట. బయానా 5 లక్షలు నగదుగ అడుగుతున్నరు. రిజిస్ట్రేషన్ 40 లక్షలకే చేస్తే ఖర్చు తగ్గుతదంటున్నరు.

లింక్_డాక్యుమెంట్:
రెండూ వద్దు. రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 7.5 శాతం. ప్రభుత్వ మార్కెట్ విలువ, కాగితంలో రాసిన ధర, ఏది ఎక్కువైతే దాని మీద. 72కు 5.40 లక్షలు, 40కి 3 లక్షలు. మిగిలేది 2.40. కానీ 40 మీద బ్యాంకు 80 శాతం ఇచ్చినా 32 లక్షలే, మీ 50 ఎక్కడి నుంచి వస్తది? రేపు మీరు అమ్మినప్పుడు కూడా కొన్న ధర 40గానే లెక్క, ఆ తేడా మీద పన్ను మీదే.

ఆస్తి బయానా 20 వేలు, ఆపైన నగదుగ తీసుకోవద్దని చట్టం. జరిమానా తీసుకున్నోళ్లకే, అదీ తీసుకున్నంత. ఆ మాట ఓనర్‌కు చెప్పండి, చెక్కుకు దిగొస్తడు. ధర 50 లక్షలు, ఆపైన ఉంది కాబట్టి 1 శాతం టీడీఎస్ (ఓనర్‌కు ఇచ్చే పైసల్లోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను), 72 వేలు, మీరే పట్టుకొని కట్టాలి. పట్టుకున్న నెల అయినంక 30 రోజుల గడువు. ఓనర్ అమెరికాలో ఉన్నడంటే ఈ లెక్క కాదు, టీడీఎస్ చాలా ఎక్కువ, ఆడిటర్‌ను అడిగినంకనే పైసలు కదిలించండి.

బయానా కాగితంలో మూడు రాయించండి: టైటిల్‌లో (యాజమాన్య హక్కులో) లోపం తేలితే బయానా మొత్తం వాపసు, లోన్ రాకపోతే వాపసు, ఒరిజినల్స్ ఎన్ని రోజుల్లో చూపిస్తరు. మూడోదానికి ఒప్పుకోకపోతే సంతకం పెట్టకండి.