‘ఆ మూల సౌధంబు’ దాపునా, దాపలా?

(ఊళ్ల పేర్లతోనే మాట్లాడుకుంటున్న మిత్రుల ముచ్చట ఇది.)

బరంపురం: మొన్న హైదరాబాదులో మా అమ్మాయి దగ్గరున్నాను. పొద్దున్నే కేబీఆర్ పార్కులో నడుస్తుంటే నెమలి ఒకటి బాటకు అడ్డంపడి తుప్పల్లోకి దూరింది. ఆ తోటంతా ఒకప్పుడు ఏడో నిజాం మనవడు ముకర్రం జా చిరాన్ ప్యాలెస్ ఆవరణ. భూపరిమితి చట్టం కింద చాలా భాగం సర్కారుకు పోయింది, 1998లో జాతీయ ఉద్యానవనమైంది. దాదాపు 390 ఎకరాలు. ప్యాలెస్ ఇంకా లోపలే ఉంది. అది తలుచుకోగానే పోతన గజేంద్రమోక్షం పద్యం నోట్లో ఆడింది: ‘అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు’... ఆ తర్వాత దాపునా, దాపలా?

పర్లాకిమిడి: దాపలే. మొదటి పాదం ‘దా’ దగ్గర ఆగి, రెండోది ‘పల మందారవన...’ అని, మూడోది ‘త్పల పర్యంక...’ అని ఎత్తుకుంటాయి. అల, పల, త్పల. పాదాల రెండో అక్షరం, ప్రాస లకారం. ‘పున’ అన్నారో, ఈ పద్యం ఛందస్సు మత్తేభం కుంటుతుంది.

జయపురం: ‘దాపల’ అన్న పాఠం ఒప్పుకున్నాను. అర్థం మాత్రం దాపు నుంచే, అంటే దగ్గర. మేడను ఆనుకుని మందారవనం అని.

గుణుపురం: కాదండీ, దాపల అంటే ఎడమే. మా నాన్న అరక కట్టేటప్పుడు ఎడమది దాపటెద్దు, కుడిది వెలపటెద్దు. దాపటెద్దు మెడ మీద కాడి ఒరుసుకుని కాయకట్టిన చోట రోజూ ఆముదం రాసేవాడు.

పర్లాకిమిడి: గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936లో ఒడిశాలో కలిసినా ఆ మాట చెప్పుకోకుండా ఉండలేం. సవర గిరిజనుల పలుకు కోసం కొండలెక్కిన మనిషి, నిఘంటువు కన్నా ముందు ఈ అరక మాటే వినేవారు.

రాయగడ: నన్ను పీడించేది ‘మూల’. పాదం మొదటి ‘అల’కు యతి అ-ఆ, కనుక ‘నగరిలో నా మూల’ అంటే నగరిలోన్ + ఆ మూల. ‘నా’ అని విడగొట్టేవాళ్లు యతి చూసుకోవాలి. నాకైతే అది చెయ్యెత్తి చూపించడం: అల్లదిగో, ఆ మూల! వ్యాసుడి సంస్కృత భాగవతంలో ఈ మేడా తోటా లేవు, అంతా పోతన కట్టిందే.

జయపురం: మూలవిరాట్టులా మూలసౌధం, ప్రధానమైన మేడ. స్వామిని ఓ మూలన కూర్చోబెడతాడా మాస్టారూ?

బరంపురం: మా నాయనమ్మ రాజుగారి కోటను నగరనేది. పురంబులో నగరిలో అంటే ఊళ్లో కోట. ఊరు, కోట, మేడ, తోట, కొలను, చివరికి కలువల పాన్పు. ఒక్కో గుమ్మం దాటించి తీసుకెళ్తాడు! కానీ నేనడిగింది ఎడమా, దగ్గరా అని.

రాయగడ: ఎడమే అనుకుందాం. ఎవరి ఎడమ? మేడదా, చూసేవాడిదా?

గుణుపురం: ఎద్దూ రైతూ ఒకే వైపు చూస్తారు కాబట్టి మాకా పేచీ రాలేదు. మేడ మనకేసి చూస్తుంటే మాత్రం... ఆలోచించాలి.