సగంలో వదిలేస్తున్న ముఖచిత్రాలు: తప్పుతోనే పూర్తి చేయాలా, మళ్లీ మొదలుపెట్టాలా?

14 నెలలుగా రోజూ 45 నిమిషాలు పెన్సిలుతో ముఖచిత్రాలు సాధన చేస్తున్నాను. నేరుగా చూస్తున్న ముఖం కుదురుతోంది. కాస్త పక్కకు తిరిగిన ముఖమే లొంగడం లేదు. అవతలి కన్ను ప్రతిసారీ పెద్దదై, ముక్కుదూలానికి దూరంగా జరిగిపోతుంది.

చూసి గీసే ఫొటో మీదా, కాగితం మీదా గళ్లు గీసుకుని వేస్తే పోలిక వస్తుంది, అవి లేకపోతే పోతుంది. ఫొటోను తలకిందులుగా పెట్టి గీశాను. బొమ్మను అద్దంలో చూసి తప్పులు పట్టుకున్నాను. రెండు వారాలు కళ్లు మాత్రమే వేశాను. తప్పు ఎక్కడుందో ఇప్పుడు కనిపిస్తోంది, చేయి మాత్రం దిద్దలేకపోతోంది.

అసలు ఇబ్బంది 20వ నిమిషం దగ్గర మొదలవుతుంది. 2బి (మెత్తగా, నల్లగా రాసే రకం) పెన్సిలు గీతను చెరపడం, గీయడం, మళ్లీ చెరపడం. కాగితం నూగు లేచి, ఆ కంటి చోట బూడిదరంగు మరక మిగులుతుంది. ఇక ఇది నా వల్ల కాదనిపించి పక్కన పెట్టేస్తాను. గత నెలలో మొదలుపెట్టిన 22 బొమ్మల్లో పూర్తయినవి 3. ఆరు నెలల నాటి బొమ్మను పక్కన పెట్టి చూసుకుంటే ధైర్యం వస్తుందనుకున్నాను. తేడా కనిపించక ఇంకా కుంగిపోయాను.

ఈ దశ దాటినవారు చెప్పండి: తప్పు కనిపించగానే కొత్త కాగితం తీసుకోవడం, ఆ తప్పుతోనే చివరిదాకా పూర్తి చేయడం, ఈ రెండింటిలో మీ చేయి తిరగడానికి ఏది ఉపయోగపడింది?